పని చేసే చోటికి ఫస్ట్ ఎయిడ్ బాక్స్: ఏది కొనాలి, లోపల ఏం పెట్టాలి

"అన్నా, మా షెడ్డుకి ఫస్ట్ ఎయిడ్ బాక్స్ కావాలి, ఏ కంపెనీది మంచిది?" నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "పోయిన ఏడాది మీ దగ్గర ఎవరికి ఏం దెబ్బ తగిలింది?" చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ జవాబు దొరికితే బాక్స్ దానంతట అదే తేలిపోతుంది. దొరక్కపోతే ఎంత ఖరీదైన కిట్ కొన్నా గోడకి వేలాడే తెల్ల డబ్బా అవుతుంది, అంతే.

చిన్న ఫ్యాక్టరీలు, ఫ్యాబ్రికేషన్ షెడ్లలో సేఫ్టీ పని చూడటం నా ఉద్యోగం. అందుకే ఇక్కడ చెప్పేదంతా పాతిక మంది పనిచేసే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. వెల్డింగ్, గ్రైండింగ్, కటింగ్, కాస్త పెయింటింగ్. ఆటోనగర్‌లో, బాలానగర్‌లో, జీడిమెట్లలో ఇలాంటివి సందుకొకటి ఉంటాయి. మీది హోటలో, ఆఫీసో, రైస్ మిల్లో అయితే ఏం మార్చుకోవాలో మధ్యలో చెబుతాను.

ముందు ఒక సంగతి. నా ఉద్యోగం కొత్తలో ఒక షెడ్డులో గ్రైండింగ్ వీల్ తగిలి ఒక కుర్రాడి బొటనవేలి కింద చీరుకుపోయింది. నెత్తురు ధారగా కారుతోంది. బాక్స్ గోడ మీదే ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి ఓనరు గారి టేబుల్ సొరుగులో, సొరుగుకి ఇంకో తాళం. ఆయనేమో బ్యాంకుకి వెళ్ళారు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించాం. లోపల సగం అయిపోయిన డెట్టాల్ సీసా, తలనొప్పి మాత్రలు, బంక ఎండిపోయిన ప్లాస్టర్, ఒక స్టాంపు ప్యాడు, అగరుబత్తుల ప్యాకెట్టు, దూది చుట్ట. దొరికిందే దిక్కని దూది పెట్టి గట్టిగా కట్టాం. ఆస్పత్రిలో నర్సు ఆ దూది పోగుల్ని ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా పీకుతుంటే వాడు అరిచిన అరుపు ఇప్పటికీ గుర్తే. దెబ్బ తగిలినప్పుడు కూడా వాడు అంత అరవలేదు.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

ఒక నోట్‌బుక్కు, మీ ప్రమాదాల రిజిస్టరు (లేకపోతే పాత మేస్త్రీ జ్ఞాపకశక్తి), షెడ్డంతా తిరగడానికి అరగంట, దగ్గర్లోని మెడికల్ షాపు. ఆన్‌లైన్ ఆర్డరు తర్వాత సంగతి.

1. దెబ్బల లెక్క రాయండి

పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు గత రెండేళ్ళలో తగిలిన దెబ్బలు రాయండి. కుడివైపు ఇంకా తగలకపోయినా తగిలే వీలున్నవి రాయండి. మా షెడ్డులాంటి చోట ఎడమవైపు ఏం వస్తాయో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు: వేళ్ళు తెగడం, వెల్డింగ్ చేసిన వేడి ఇనుము ముట్టుకుని కాలడం, కంట్లో గ్రైండింగ్ రజను పడటం, కాలి మీద బరువు పడటం, మే నెలలో ఎండదెబ్బ. కుడివైపు: కరెంటు షాకు, వేలు పూర్తిగా తెగిపడటం, థిన్నర్ కంట్లో పడటం, గుండె నొప్పి. మీ ఆవరణలో గడ్డి, పాత ఇనుము గుట్టలు ఉంటే పాము కూడా.

ఓనరు ఒక్కడే కూర్చుని రాస్తే ఈ లెక్క తప్పుతుంది. పనివాళ్ళని అడగండి. చిన్న చిన్న కాలిన గాయాల్ని వాళ్ళు దెబ్బలుగా లెక్కెయ్యరు కాబట్టి "ఏమైనా దెబ్బలు తగిలాయా" అంటే లేదంటారు. "చేతులు చూపించండి" అనండి. మచ్చలే చెబుతాయి.

2. ఎన్ని బాక్సులు, ఎక్కడ

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ పెట్టిన లెక్క 150 మందికి ఒకటికి తగ్గకుండా. 500 మంది దాటితే ఆంబులెన్స్ గది (దెబ్బ తగిలినవాళ్ళకి చికిత్స చేసే గది) కూడా ఉండాలంది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. మీ యూనిట్‌కి వర్తించే జాబితా (బాక్సులో ఏమేం ఉండాలో చెప్పేది) ఏదో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడిగి కాగితం తెచ్చుకోండి, తనిఖీకి అదే ఆధారం.

అయితే 150 అనేది కనీసపు లెక్క. దెబ్బ తగిలినవాడు బాక్స్ కోసం మెట్లెక్కాల్సి వస్తే, రోడ్డు దాటాల్సి వస్తే, అక్కడ ఇంకోటి కావాలి. మీకు రోడ్డుకి ఇటొక షెడ్డు, అటొక పెయింటింగ్ షెడ్డు ఉంటే పాతిక మందికైనా రెండు బాక్సులే. సైటు పనికి వెళ్ళే వ్యాన్‌లో ఒక చిన్న సంచీ వేరే.

చోటు విషయంలో ఎక్కువగా జరిగే తప్పు ఆఫీసు గదిలో పెట్టడం. రాత్రి షిఫ్టుకి ఆఫీసు మూసి ఉంటుంది. రెండో తప్పు రేకుల కిందే, ఫర్నేసు పక్కనే పెట్టడం. వేడికి ప్లాస్టర్ల బంక కారిపోతుంది, ఆయింట్‌మెంట్ నూనెలా విడిపోతుంది. నీడ, గాలి ఉండి, కొళాయికి దగ్గరగా ఉన్న గోడ చూడండి. ఛాతీ ఎత్తులో బిగించండి, ముందు సామాన్లు పేర్చనివ్వకండి.

3. డబ్బా

దీని మీద ఎక్కువ ఆలోచించక్కర్లేదు. దుమ్ము దూరని మూత, ఒంటి చేత్తో తెరుచుకునే గొళ్ళెం, గోడ నుంచి ఊడదీసి మనిషి దగ్గరికి పట్టుకెళ్ళగలిగే పిడి. ఈ మూడూ ఉంటే చాలు. అద్దం తలుపున్న చెక్క పెట్టెలు అందంగా ఉంటాయి గానీ గ్రైండర్లున్న చోట వద్దు.

తాళం వెయ్యకండి. "తాళం లేకపోతే సామాను పోతుంది సార్" అంటారు. పోతుంది, నిజమే. పదో పరకో ప్లాస్టర్లు పోతాయి, పోనివ్వండి. మరీ పోతుంటే గొళ్ళేనికి చేత్తో లాగితే తెగే సన్నటి ప్లాస్టిక్ సీలు వెయ్యండి. ఎవరైనా తెరిస్తే తెలుస్తుంది, అవసరానికి అడ్డురాదు.

4. లోపల సరుకు

పాతిక మంది ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి నేను పెట్టించేది ఇది. ఇది నా అనుభవం లెక్క. ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన జాబితాలో వేరేవి ఉంటే అవీ చేర్చండి.

- స్టెరైల్ (క్రిములు లేని) గాజ్ ప్యాడ్లు, నాలుగంగుళాలవి, విడివిడి ప్యాకెట్లలో: 20
- మందపాటి పెద్ద డ్రెస్సింగ్ ప్యాడ్లు: 6
- రోలర్ బ్యాండేజీలు: రెండంగుళాలవి 6, నాలుగంగుళాలవి 6
- క్రేప్ బ్యాండేజీ, నాలుగంగుళాలది: 2
- ముక్కోణపు గుడ్డ బ్యాండేజీలు: 3
- బ్యాండ్ ఎయిడ్లు: 50 (ఇవే ముందు అయిపోతాయి)
- కాగితం టేపు: 2
- నైట్రైల్ గ్లవ్స్: 10 జతలు
- 500 ఎం.ఎల్. నార్మల్ సెలైన్ బాటిళ్ళు: 4
- పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్: 2 ట్యూబులు
- క్లింగ్ ఫిల్మ్ చుట్ట: 1
- లీటరు నీళ్ళకి సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు: 6
- బట్ట కోసే మొండి మొన కత్తెర, పట్టకారు, సేఫ్టీ పిన్నులు, చిన్న టార్చి
- శుభ్రమైన జిప్ ప్లాస్టిక్ కవర్లు: చిన్నవి 4, పెద్దవి 4
- నోటితో ఊపిరి అందించేటప్పుడు అడ్డు పెట్టుకునే సీపీఆర్ (గుండె ఆగినవాడికి ఛాతీ అదిమి, ఊపిరి అందించడం) మాస్క్: 1
- పెన్ను, చిన్న పుస్తకం

ఇందులో కొన్నిటి గురించి వివరంగా చెప్పాలి. గొడవంతా వాటి దగ్గరే.

*ప్యాడ్లు.* నెత్తురు ఆగేది మందుతో కాదు, అదమడంతో. గ్లవ్స్ తొడుక్కుని, ప్యాడ్ పెట్టి, పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. మధ్యలో "ఆగిందా" అని ఎత్తి చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. తడిసిపోతే కిందది తియ్యకుండా పైన ఇంకోటి వెయ్యండి. అందుకే లెక్క ఇరవై. నాలుగు ప్యాడ్లతో వచ్చే కిట్ ఒక్క మనిషికి కూడా చాలదు.

*సెలైన్ బాటిళ్ళు.* ఆస్పత్రిలో ఎక్కించేవే, ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతాయి. మూత దగ్గర శుభ్రమైన సూదితో పొడిచి పిండితే సన్నటి ధార వస్తుంది, కంట్లో రజను, గాయంలో మట్టి కడగడానికి సరిగ్గా సరిపోతుంది. సూదుల ప్యాకెట్టు బాటిల్‌కే టేపుతో అతికించండి, లేకపోతే ఆ టెన్షన్‌లో వెతుక్కోవాలి. ఒకసారి తెరిచిన బాటిల్ మిగిలినా పారెయ్యాల్సిందే. థిన్నర్, యాసిడ్ లాంటివి కంట్లో పడితే మాత్రం బాటిల్ కోసం చూడొద్దు. వెంటనే కొళాయి కింద పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు కడిగి, అప్పుడు కంటి ఆస్పత్రికి. ఇనుప రవ్వ గుచ్చుకుని కనబడుతుంటే ముట్టుకోకండి, నలపనివ్వకండి. కంటి మీద కాగితం కప్పు బోర్లించి టేపు వేసి పంపండి. మన షెడ్లలో అగ్గిపుల్ల చివరతో రవ్వ తీసే "స్పెషలిస్టు" ఒకడు ఉంటాడు. వాడి ప్రాక్టీసు ముందు ఆపించండి.

*కాలిన గాయాలు.* అసలు మందు నీళ్ళు. ఇరవై నిమిషాలు ధారగా పారే చల్లటి నీళ్ళు. ఐసు వద్దు, పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు. ఇక్కడే ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. మే నెల మధ్యాహ్నం రెండింటికి మీ షెడ్డు కొళాయి తిప్పి చెయ్యి పెట్టి చూడండి. రేకుల మీద ట్యాంకు ఎండకి మరిగి, కొళాయిలోంచి వేడినీళ్ళు వస్తాయి. కాలిన చేతిని దాని కింద పెట్టమని ఎలా అంటాం? ఎండాకాలం నాలుగు నెలలూ నీడలో మూత వేసిన డ్రమ్ము, ఒక మగ్గు ఉంచండి. తాగే నీళ్ళ ఇరవై లీటర్ల క్యాను కూడా పనికొస్తుంది. చల్లబడ్డాక క్లింగ్ ఫిల్మ్, అంటే హోటళ్ళలో పార్సిల్ గిన్నెల మీద వేసే పల్చటి ప్లాస్టిక్. మొదటి చుట్టు తీసి పారేసి, తర్వాతి ముక్కని గాయం మీద పరవండి. చుట్టూ బిగించి చుట్టొద్దు, వాపు వస్తుంది. బొబ్బలు చిదమొద్దు.

*జిప్ కవర్లు.* ఇవి తెగిపడిన వేలి కోసం. వేలిని సెలైన్‌తో తడిపిన గాజ్‌లో చుట్టి, చిన్న కవర్లో పెట్టి మూసి, ఆ కవర్ని ఐసు, నీళ్ళు ఉన్న పెద్ద కవర్లో పెట్టాలి. వేలు నేరుగా ఐసుకి తగిలితే కణాలు చచ్చి అతికించడానికి పనికిరాదు. నేరుగా ఐసు గ్లాసులో వేసి తీసుకెళ్ళినవాళ్ళని చూశాను.

*ఓఆర్‌ఎస్.* డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి. లీటరు ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసులో కాస్త, కాస్త వేసుకుంటే ఉప్పు లెక్క తప్పుతుంది. అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ పేరు వాడొద్దని ఆదేశించింది. ఎండదెబ్బకి తికమకగా మాట్లాడుతున్నవాడికి, స్పృహ తప్పినవాడికి ఓఆర్‌ఎస్ కాదు కదా, నీళ్ళు కూడా నోట్లో పోయొద్దు. నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ 108కి ఫోన్.

మీది హోటల్ వంటిల్లయితే క్లింగ్ ఫిల్మ్, ప్యాడ్లు రెట్టింపు చెయ్యండి, బ్యాండ్ ఎయిడ్లు నీలం రంగువి తీసుకోండి (అన్నంలో పడినా కనబడతాయి). రైస్ మిల్లయితే సెలైన్ పెంచండి, కంట్లో ఊక ధూళి రోజూ ఉండేదే. ఆఫీసైతే పై జాబితాలో మూడో వంతు చాలు. అక్కడ డబ్బు మిగిలితే పది మందికి సీపీఆర్ నేర్పించండి, ఎందుకంటే కుర్చీలో కూర్చునే చోట నేను ఎక్కువ భయపడేది గుండెకే.

5. పెట్టకూడనివి

దూది. గాయం మీద పెట్టడానికి కాదు అని ఎంత చెప్పినా, డబ్బాలో ఉంటే పెడతారు. అసలు ఉంచకండి.

మాత్రలు. ఎవరికి ఏ మందు పడదో మనకి తెలియదు. పాత జాబితాల్లో ఆస్పిరిన్ ఉండేది, అది నెత్తురుని పలచన చేస్తుంది. గుండె నొప్పికి ఆస్పిరిన్ ఉంచాలా వద్దా అన్నది మీ యూనిట్ డాక్టరు కాగితం మీద రాసివ్వాలి, మేస్త్రీ నిర్ణయించేది కాదు.

పాము కాటుకి బ్లేడు, పొటాషియం పర్మాంగనేట్. 1971 నాటి కాంట్రాక్టు లేబర్ కేంద్ర నియమాల జాబితాలోనే ఇవి ఉండేవి, అందుకే కొన్ని కిట్లలో ఇంకా వస్తున్నాయి. ఇప్పుడు కాటు దగ్గర కొయ్యడం, పీల్చడం, పైన తాడు బిగించడం ఏదీ చెయ్యకూడదు. కదలకుండా పడుకోబెట్టి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళడమే. డబ్బాలో బ్లేడు కనిపిస్తే ఎవడో ఒకడు కోస్తాడు.

నీళ్ళు కలపని డెట్టాల్ గాయం మీద పొయ్యడం మనకి అలవాటు. అది చర్మాన్నీ కాలుస్తుంది. నేల తుడవడానికి వేరే చోట ఉంచుకోండి. స్టాంపు ప్యాడు సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

6. రెడీమేడ్ కిట్ కొంటే

కొనొచ్చు, తప్పు లేదు. "120 వస్తువులు" అన్న అంకె చూసి మోసపోకండి. అందులో బ్యాండ్ ఎయిడ్లు ఎనభై, సేఫ్టీ పిన్నులు పన్నెండు, స్పిరిట్ తుడుపులు ఇరవై ఉంటాయి. మిగిలింది ఎంతో లెక్కేసుకోండి. కొట్లోనే నాలుగు చూడండి: పెద్ద ప్యాడ్లు ఎన్ని, గ్లవ్స్ జతలెన్ని, కత్తెర మీ జీన్సు ప్యాంటు అంచు కోయగలదా, గడువు తేదీ ఇంకా రెండేళ్ళుందా. డబ్బా మీద ఉన్న తేదీ కాదు, లోపలి ప్యాకెట్ల మీదది. నేనైతే చిన్న కిట్ కొని, డబ్బా వాడుకుని, తక్కువైనవి మెడికల్ షాపులో కలుపుకుంటాను.

7. మనిషిని పెట్టండి

షిఫ్టుకి కనీసం ఒకరు ఫస్ట్ ఎయిడ్ శిక్షణ పొందినవాళ్ళు ఉండాలి. సెయింట్ జాన్ ఆంబులెన్స్, ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ నడుపుతాయి. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే సూపర్‌వైజర్ని పంపి లాభం లేదు, గట్టి గుండె ఉన్న హెల్పర్ని పంపండి. ఆయన పేరు, ఫోన్ నంబరు డబ్బా మూత మీద రాయండి. దాని కింద 108, కుట్లు వేసే దగ్గరి ఆస్పత్రి, కంటి ఆస్పత్రి. ఆ ఆస్పత్రి రాత్రి పూట తెరిచి ఉంటుందో లేదో ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రండి.

పుస్తకంలో చివరి పేజీ టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షన్లకి కేటాయించండి. ఎవరు ఎప్పుడు వేయించుకున్నారో రాసి ఉంటే ఆస్పత్రిలో డాక్టరు అడిగినప్పుడు నీళ్ళు నమలక్కర్లేదు.

8. సరిగ్గా ఉందో లేదో పరీక్షించండి

ఒక రోజు చెప్పకుండా షెడ్డు మధ్యలో నిలబడి, కొత్తగా చేరిన కుర్రాడితో "నా చెయ్యి తెగింది, కట్టు కట్టు" అనండి. గడియారం చూడండి. నిమిషంలోపు గ్లవ్స్ తొడుక్కుని ప్యాడ్ పెట్టగలిగితే మీ బాక్స్ బాగున్నట్టు. డబ్బా ఎక్కడుందో అడిగితే చోటు తప్పు. డబ్బా తెరిచి కెలుకుతుంటే సర్దుడు తప్పు: గ్లవ్స్, ప్యాడ్లు పైన, మిగతావన్నీ కింద ఉండాలి. ప్యాకెట్టు చించలేక పళ్ళతో కొరుకుతుంటే కత్తెరని దారంతో డబ్బాకే కట్టండి.

ఇదే పరీక్ష రాత్రి షిఫ్టులో, లైట్లు ఆపి ఒకసారి చెయ్యండి. టార్చిలో బ్యాటరీ ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. మొదటిసారి మా దగ్గర లేదు.

9. నెలకోసారి

ఒకటో తారీఖు జీతాల లెక్క చూసే రోజే ఇదీ చూడండి, వేరే రోజు పెట్టుకుంటే మర్చిపోతారు. జాబితా మూత లోపల అతికించి ఉంటే లెక్క పది నిమిషాలు. గడువు తేదీలన్నీ చదవండి. వానాకాలంలో కాగితపు ప్యాకెట్లు చెమ్మగిల్లి ఉబ్బితే తేదీ ఉన్నా అవి స్టెరైల్ కావు, మార్చండి. ఒక బ్యాండ్ ఎయిడ్ లాగి వేలికి అంటించి చూడండి. అంటకపోతే ఆ వరస మొత్తం చెత్తబుట్టకే.

వాడినవి వాడిన సాయంత్రమే నింపండి. ఏం వాడారో, ఎవరికి వాడారో పుస్తకంలో ఒక్క లైను రాయించండి. ఆర్నెల్లకి ఆ పుస్తకం తీసుకుని మళ్ళీ మొదటి మెట్టుకి రండి. మా షెడ్డులో ఒకసారి వరసగా పదకొండు లైన్లు "కుడిచెయ్యి చూపుడువేలు" అని వచ్చాయి. వెళ్ళి చూస్తే రేకులు కత్తిరించే షీరింగ్ మెషిన్‌కి చెయ్యి పోకుండా అడ్డుండే గార్డు ఊడదీసి పక్కన పెట్టారు. ఆ నెల ప్యాడ్లు కొనలేదు, గార్డు బిగించాం.